సొంత బండి మీద సరిహద్దు దాటాలంటే: నేపాల్ భన్సార్ నుంచి కార్నే దాకా

సరిహద్దు దగ్గర బండి ఆపగానే అవతలి కస్టమ్స్ ఆఫీసరు మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే. ఈ బండి మళ్లీ వెనక్కి వెళ్తుందా, లేక ఇక్కడే ఎవరికో అమ్ముడుపోతుందా? సుంకం కట్టించుకోకుండా బయటి బండిని లోపలికి రానిస్తున్నారంటే, అది తిరిగి వెళ్లిపోతుందన్న హామీ మీదే. భన్సార్ రసీదు (నేపాల్ కస్టమ్స్ ఇచ్చేది), కార్నే పుస్తకం (బండి తిరిగి వెళ్తుందని కొన్ని దేశాల కస్టమ్స్‌కు చూపే పూచీ పుస్తకం), బ్యాంకు గ్యారంటీ, పాస్‌పోర్టు మీద బండి ఎక్కించడం, వీటన్నిటికీ పేర్లు వేరైనా పని ఒక్కటే. ఈ సంగతి పట్టుకుంటే ఏ కౌంటర్‌లో ఏ కాగితం ఎందుకు అడుగుతున్నారో అర్థమవుతుంది. లోపలికి వెళ్లేటప్పటి ముద్ర కంటే బయటికి వచ్చేటప్పటి ముద్రకు ఎక్కువ విలువ ఎందుకో కూడా తెలుస్తుంది.

ముందు ఇంటి దగ్గర తేల్చుకోవాల్సింది బండి ఎవరి పేరు మీద ఉందన్నది. మన ఇళ్లలో కొడుకు నడిపే బండి నాన్న పేరు మీదో అన్నయ్య పేరు మీదో ఉండటం మామూలే. ఊళ్లో ఎవరూ అడగరు. సరిహద్దులో మాత్రం మొదట అడిగేది అదే. ఓనరు పక్కన లేకపోతే ఆయన సంతకంతో అధికార పత్రం ఉండాలి. ఎవరు నడుపుతారు, ఏ దేశానికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, బండి నంబరు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు అన్నీ ఇంగ్లీషులో రాసి నోటరీ చేయించండి. ఓనరు గుర్తింపు కార్డు కాపీ జత చేయండి. బండి మీద లోన్ ఉంటే ఆర్సీలో ఫైనాన్స్ సంస్థ పేరు కనిపిస్తుంది కాబట్టి, బండిని దేశం బయటికి తీసుకెళ్లడానికి అభ్యంతరం లేదని వాళ్ల దగ్గర ఉత్తరం తీసుకోండి. అది ఒక్క పూటలో వచ్చే కాగితం కాదు, నెల ముందే అడగండి.

ఫోన్‌లో ఉన్న ఆర్సీ, లైసెన్సు మన ట్రాఫిక్ పోలీసులకు సరిపోతాయి. అవతలి దేశం వాళ్లకు మన డిజిలాకర్‌తో పని లేదు. కార్డు చేతిలో లేనివాళ్లు ముందు అది తెప్పించుకోండి. తెలంగాణలో 2024 మార్చికి ముందు రిజిస్టరైన బండ్లకు టీఎస్, తర్వాత వాటికి టీజీ అని ఉంటుంది, రెండూ చెల్లుతాయి. కానీ సోకు కోసం పాత బండి ప్లేటు మీద టీఎస్ తీసేసి టీజీ అని రాయించుకుంటే ప్లేటు ఒకటి, ఆర్సీ ఒకటి అవుతుంది. అలాంటి బండితో సరిహద్దుకు వెళ్లకండి.

ఛాసిస్ నంబరు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చాలా మోటార్‌సైకిళ్లలో అది హ్యాండిల్ కింద, స్టీరింగ్ మెడ మీద కుడి పక్కన కొట్టి ఉంటుంది. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పి టార్చి వేస్తే కనిపిస్తుంది. ఫాగ్ లైట్ల వైరింగు, ట్యాంక్ బ్యాగ్ పట్టీలు, కేబుళ్లు సరిగ్గా దాని మీదుగానే పోతాయి. బురద, గ్రీజు కలిసి అట్టకట్టి ఉంటాయి. కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడవండి, పాత టూత్‌బ్రష్ వాడండి. సాండ్‌పేపర్ మాత్రం పెట్టొద్దు. గీతలు పడితే నంబరు దిద్దినట్టు కనిపిస్తుంది, తర్వాత ఎంత చెప్పినా నమ్మరు. నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు అందులో ఎప్పుడూ వాడరు. కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నానే. రసీదులో గుమాస్తా దాన్ని ఓ అని రాస్తే అక్కడికక్కడే దిద్దించుకోండి. ఒక్క అక్షరం తేడా పడినా ఆ రసీదు మీ బండిది కాకుండా పోతుంది.

నేపాల్

మనవాళ్లు సొంత బండి మీద ఎక్కువగా వెళ్లేది ఇక్కడికే. పశుపతినాథ్, లుంబిని ఒకవైపు ఉంటే, 108 దివ్యదేశాల్లో ఒకటైన ముక్తినాథ్ ఇంకోవైపు. భారతీయ బండికి ఇక్కడ కార్నే అక్కర్లేదు. మనకు వీసా లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. ఆధార్‌ను నమ్ముకుని బయలుదేరకండి. మన డ్రైవింగ్ లైసెన్సు నడుస్తుంది.

హైదరాబాద్ నుంచైతే నాగపూర్, జబల్‌పూర్, రీవా, ప్రయాగ్‌రాజ్, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ. అవతలి పక్క పేరు బేలహియా. విశాఖ నుంచి కోల్‌కతా మీదుగా పోయేవాళ్లకు సిలిగురి దాటాక పానీటంకి, అవతల కాకరభిట్ట. ఖాట్మండుకే సూటిగా వెళ్లాలంటే రక్సౌల్, అవతల బీర్‌గంజ్.

భన్సార్ అంటే నేపాలీలో కస్టమ్స్. మనవాళ్లు అక్కడిచ్చే రసీదునే భన్సార్ అనేస్తారు. చిక్కు ఎక్కడంటే, సరిహద్దు తెరిచే ఉంటుంది. గేటు దగ్గర ఎవరూ ఆపకపోతే నేరుగా లోపలికి వెళ్లిపోవచ్చు, చాలామంది అలాగే వెళ్తారు కూడా. పట్టుకునేది అక్కడ కాదు. నలభై యాభై కిలోమీటర్లు పోయాక చెక్‌పోస్టులో రసీదు అడుగుతారు. అది లేని బండి వాళ్ల లెక్కలో దొంగచాటుగా తెచ్చిన సరుకు. అందుకే గేటు దాటగానే కస్టమ్స్ ఆఫీసు ఎక్కడుందో మీరే వెతుక్కుని వెళ్లాలి. సరిహద్దు బజారుకు వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లకు ఇచ్చే ఒక్క రోజు చీటీ వేరే. దాంతో పోఖరా దాకా పోవచ్చని ఏజెంట్ చెబితే నమ్మకండి.

కౌంటర్‌లో అసలు ఆర్సీ, లైసెన్సు, గుర్తింపు కార్డు చూపించి, ఎన్ని రోజులు ఉంటారో చెప్పి, రోజుల లెక్కన రుసుము కట్టాలి. బైకుకు ఒక రేటు, కారుకు ఒక రేటు. కొందరు వారం అనుకుని వారానికే కడతారు. వచ్చిన రోజు, పోయే రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. దానికి తోడు నారాయణ్‌ఘాట్ నుంచి ముగ్లింగ్ వెళ్లే దారిలోనూ, బుట్వల్ దాటగానే సిద్ధబాబా దగ్గరా కొండచరియలు పడితే రోజంతా రోడ్డు మూసేస్తారు. 2024 జులైలో ఈ నారాయణ్‌ఘాట్ దారిలోనే చరియలు విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. వానాకాలంలో ఆ దారి పెట్టుకోకపోవడమే మంచిది. ఏ కాలమైనా అనుకున్నదానికి రెండు రోజులు కలిపి కట్టండి. గడువు దాటితే పడే జరిమానాతో పోలిస్తే ఆ రెండు రోజుల రుసుము ఏపాటిది? ఒక బండికి ఏడాదిలో మొత్తం 30 రోజులే ఇస్తారని కూడా గుర్తుంచుకోండి.

భన్సార్ అయ్యాక రవాణా శాఖ అనుమతి వేరే తీసుకోవాలి. దాన్ని యాతాయాత్ అంటారు. భన్సార్ తీసుకుని అదొక్కటే చాలనుకుని వెళ్లిపోయేవాళ్లు ట్రాఫిక్ పోలీసులకు దొరుకుతారు.

ఇక అందరూ పొరబడే చోటు, రసీదు మీది తేదీ. అది విక్రమ సంవత్‌లో, దేవనాగరి అంకెల్లో ఉంటుంది. 2025 ఏప్రిల్ మధ్య నుంచి 2026 ఏప్రిల్ మధ్య వరకు వాళ్లకు 2082. దేవనాగరి ఒకటి మన కంటికి 9లా కనిపిస్తుంది, అంటే 11వ తేదీని చూసి 99 అనుకుంటాం. నెలల పేర్లు ఇంకా తికమక పెడతాయి. కార్తీక్ అని చూసి మన కార్తీక మాసం అనుకోకండి. మనది చాంద్రమానం, వాళ్ల క్యాలెండరు సౌరమానం. వాళ్ల కార్తీక్ దాదాపు అక్టోబరు 17, 18 తేదీల్లో మొదలవుతుంది, దీపావళితో సంబంధం లేదు. నెలలో రోజులు కూడా 29 నుంచి 32 దాకా మారుతుంటాయి. అందుకే కౌంటర్ దగ్గరే ఆఖరి రోజు ఇంగ్లీషు తేదీ అడిగి రసీదు వెనక పెన్నుతో రాసుకుని, ఆ తేదీ గుమాస్తాకు ఒకసారి చదివి వినిపించండి. తేదీ తప్పు చదివి గడువు దాటించుకున్నా జరిమానా జరిమానానే.

వెళ్లిన గేటు నుంచి కాకుండా వేరే గేటు నుంచి బయటికి రావాలనుకుంటే ముందే చెప్పి రాయించుకోండి. వచ్చేటప్పుడు రసీదు చూపించి లెక్క మూయించుకోవడం మరవద్దు. ఆ తెరిచి ఉన్న గేటు ఇక్కడా మోసం చేస్తుంది. ఇంటికెళ్లే తొందరలో నేరుగా దాటేస్తే, వాళ్ల రికార్డులో మీ బండి ఇంకా నేపాల్‌లోనే ఉన్నట్టు లెక్క.

డబ్బు సంగతి. మన 100 రూపాయలకు వాళ్లవి 160, ఈ లెక్క 1993 నుంచి మారలేదు. వంద రూపాయల నోట్లు దండిగా పెట్టుకోండి, పెద్ద నోట్లతో ఇబ్బంది కావొచ్చు. 2024 నుంచి మన యూపీఐతో అక్కడి ఫోన్‌పే క్యూఆర్‌కు కట్టొచ్చు. ఇది మన దగ్గరి ఫోన్‌పే కాదు, అదే పేరున్న నేపాల్ సంస్థ. కొండల్లో నెట్‌వర్క్ పోతే అదీ లేదు.

స్పేర్ల గురించి ఎక్కువ ఆందోళన వద్దు. బజాజ్, హీరో, రాయల్ ఎన్‌ఫీల్డ్ అక్కడ విరివిగా తిరుగుతాయి, సామాను దొరుకుతుంది. క్లచ్ కేబుల్ ఒకటి, యాక్సిలరేటర్ కేబుల్ ఒకటి పాతవాటి పక్కనే వేసి ట్యాగులతో కట్టేసుకోండి. తెగితే అరగంటలో చివరలు మార్చుకోవచ్చు. పాత హిమాలయన్ లాంటి ట్యూబు టైర్ల బండికి ముందు చక్రం 21 అంగుళాలు, వెనక 17. ఒక్క ట్యూబుకే చోటుంటే 21ది పెట్టుకోండి. గండం గడవడానికి దాన్నే వెనక చక్రంలో మడత లేకుండా సర్ది నెమ్మదిగా దగ్గరి ఊరు చేరొచ్చు. 17ది ముందు చక్రానికి ఎక్కదు.

ఇన్సూరెన్సులో ఒక వాక్యం

మీ పాలసీ కాగితం తీసి అందులో భౌగోళిక పరిధి అన్న చోట చూడండి. ఇండియా అని ఉంటుంది. అంటే సునౌలీ గేటు దాటిన క్షణం నుంచి మీ ఫుల్ ఇన్సూరెన్సు లేనట్టే. దీనికి మోటార్ టారిఫ్‌లోనే మార్గం ఉంది. ఐఎంటీ 1 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనంగా చేర్చే షరతు) వేయించుకుంటే పరిధి నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాన్‌లకు పెరుగుతుంది. టారిఫ్ ప్రకారం ప్యాకేజీ పాలసీకి, అంటే ఫుల్ ఇన్సూరెన్సుకు, అదనంగా 500 రూపాయలు, థర్డ్ పార్టీ పాలసీకి 100. ఇంత తక్కువలో ఇంత రక్షణ ఇంకెక్కడా దొరకదు, అయినా అడిగేవాళ్లు తక్కువ. కాల్ సెంటర్లో అడిగితే అలాంటిది లేదంటారు. బ్రాంచికి వెళ్లి ఐఎంటీ 1 అని పేరు పెట్టి అడగండి. ఎండార్స్‌మెంట్ ప్రింటు తీసుకోండి. ఓడలోనో విమానంలోనో బండి పోతున్నప్పుడు జరిగే నష్టం ఇందులో రాదు, ఆ సంగతి కింద చెప్తాను.

భూటాన్‌కూ ఇదే ఎండార్స్‌మెంట్ పనికొస్తుంది. జైగావ్ నుంచి ఫుంట్‌షోలింగ్‌లోకి వెళ్లి ముందు మనిషికి పర్మిట్, తర్వాత బండికి పర్మిట్ తీసుకోవాలి. భారతీయులకు రాత్రికి తలా 1200 రూపాయల రుసుము ఉంది. వాళ్ల ఙుల్‌ట్రమ్ మన రూపాయితో సమానం.

కార్నే ఎప్పుడు కావాలి

నేపాల్, భూటాన్ దాటి ఆలోచిస్తే ముందు దారి సంగతి. పాకిస్తాన్ వైపు అట్టారి గేటు 2025 ఏప్రిల్ నుంచి మూసి ఉంది. మణిపూర్‌లో మోరే మీదుగా మయన్మార్ దాటి థాయ్‌లాండ్ వెళ్లే దారి 2021 తర్వాత బండితో నమ్ముకునేది కాదు. నేపాల్ నుంచి టిబెట్‌లోకి వెళ్లే రసువాగఢీ దగ్గర 2025 జులై వరదకు వంతెనే కొట్టుకుపోయింది. పైగా చైనాలో ఏజెన్సీ, గైడు, వాళ్ల తాత్కాలిక నంబరు ప్లేటు, తాత్కాలిక లైసెన్సు అన్నీ కావాలి. అందుకే పశ్చిమం వైపు బండి ఓడ ఎక్కుతోంది, దుబాయ్ వైపో ఇంకెక్కడికో. అక్కడ కావాల్సింది కార్నే.

పూర్తి పేరు కార్నే ద పస్సాజ్ ఆఁ దువాన్. మన దేశంలో ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. మీ బండి ఏ దేశంలోనైనా ఉండిపోతే ఆ దేశం సుంకం కట్టాల్సిన పూచీ ఆ సంస్థ మీద పడుతుంది. అందుకే వాళ్లు మీ దగ్గర బ్యాంకు గ్యారంటీ తీసుకుంటారు. ఆ మొత్తం బండి విలువను బట్టి, మీ జాబితాలో అన్నిటికంటే కఠినమైన దేశాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి "ఎందుకైనా మంచిది" అని వెళ్లని దేశాల పేర్లు కూడా రాయించుకోకండి. ఒక్క పేరు వల్ల గ్యారంటీ రెట్టింపు కావచ్చు.

కార్నేకు గడువు ఒక ఏడాది. ముందు పేజీలో బండి వివరాలన్నీ ఉంటాయి: ఇంజిన్, ఛాసిస్ నంబర్లు, రంగు, బరువు, విలువ, సీట్లు, అదనపు టైర్లు. రంగు దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. ఆర్సీలో నలుపు అని ఉండి, బండికి స్టిక్కర్ చుట్టించి ఆకుపచ్చ చేస్తే కాగితాలు ఒక మాట, బండి ఒక మాట చెప్తాయి. కార్నే తీసుకున్నాక బండి రంగు మార్చొద్దు.

లోపలి ఒక్కో పేజీ మూడు ముక్కలుగా ఉంటుంది. అడుగున ఉన్నది దిగుమతి ముక్క, మధ్యలోది ఎగుమతి ముక్క, పైన ఉన్నది పుస్తకంలోనే మిగిలే భాగం. దేశంలోకి వెళ్లేటప్పుడు కస్టమ్స్ వాళ్లు అడుగు ముక్క చింపుకుని, పైభాగంలో ఒక పక్క ముద్ర వేసి సంతకం చేయాలి. బయటికి వచ్చేటప్పుడు మధ్య ముక్క చింపుకుని, పైభాగంలో రెండో పక్క ముద్ర వేయాలి. ఒక దేశానికి ఒక పేజీ, ముద్రలు రెండు. రెండూ ఉంటేనే లెక్క సరి.

తప్పు సాధారణంగా ఇలా జరుగుతుంది. రద్దీ లేని చిన్న గేట్లలో కార్నే ఎప్పుడూ చూడని ఆఫీసరు రెండు ముక్కలూ ఒకేసారి చింపేస్తాడు. లేదా ముక్క చింపి పైన ముద్ర మరచిపోతాడు. పుస్తకం చేతికి రాగానే బ్యాగులో పెట్టేయకుండా అక్కడే నిలబడి చూడండి. ఏ ముక్క పోయింది, ముద్ర ఎక్కడ పడింది, తేదీ సరిగ్గా ఉందా, సంతకం ఉందా? ఫోటో తీసుకోండి. రాత్రిపూట దాటేటప్పుడు పాస్‌పోర్టు కౌంటర్ తెరిచి ఉండి కస్టమ్స్ మూసి ఉంటుంది. అప్పుడు ముద్ర లేకుండా ముందుకు పోవద్దు, తెల్లారేదాకా ఆగండి. ముద్ర లేకుండా వచ్చేస్తే దిద్దుకునే మార్గం ఒకటుంది. కార్నే చివర బండి ఎక్కడుందో ధ్రువీకరించే పత్రం ఉంటుంది, దాన్ని కస్టమ్స్ ఆఫీసు గానీ కాన్సులేటు గానీ బండిని కళ్లారా చూసి నింపాలి. ఆ పని నెలలు పట్టొచ్చు.

బండి దొంగతనానికి గురైతే పోలీసు రిపోర్టు, కాలిపోతే కస్టమ్స్ ధ్రువీకరణ, ఇవి ఆ దేశంలో ఉండగానే తీసుకోవాలి. కార్నే గడువు ఏడాదైనా ఒక్కో దేశం బండికి ఇచ్చే గడువు తక్కువ ఉండొచ్చు. వీసా గడువు ఇంకొకటి. మూడింటిలో ముందు ముగిసేదే మీ గడువు.

టర్కీ, జార్జియా, ఐరోపా దేశాలకు కార్నే అక్కర్లేదు. టర్కీలో బండిని మీ పాస్‌పోర్టు మీద ఎక్కిస్తారు. ఇంట్లో ఏదైనా జరిగి విమానంలో రావాలన్నా బండిని వదిలేసి రావడం కుదరదు, ముందు కస్టమ్స్‌కు అప్పగించాలి. ఐరోపా యూనియన్‌లో బయట నివసించేవాళ్ల బండికి ఆరు నెలలు సుంకం లేదు. కానీ ఒక దేశం బండి ఇన్సూరెన్సు ఇతర దేశాల్లోనూ చెల్లేలా చేసే గ్రీన్ కార్డ్ వ్యవస్థలో మన దేశం లేదు కాబట్టి అక్కడి సరిహద్దు ఇన్సూరెన్సు కొనాలి, అది లేకుండా రోడ్డెక్కనివ్వరు.

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌కు ఆర్టీఓలో ఫారం 4ఏ, రుసుము 1000 రూపాయలు, గడువు ఏడాది. అసలు లైసెన్సుతో కలిపి చూపిస్తేనే చెల్లుతుంది. బండి వెనక తెల్లని దీర్ఘవృత్తంలో నల్ల అక్షరాలతో ఐఎన్‌డీ అని ఉండాలి, మోటార్‌సైకిల్‌కు 175 మిల్లీమీటర్ల వెడల్పు, 115 ఎత్తు సరిపోతుంది. హెచ్‌ఎస్‌ఆర్‌పీ (హై సెక్యూరిటీ) నంబరు ప్లేటు మీద ఉండే చిన్న నీలం ఐఎన్‌డీ దీనికి బదులు కాదు.

పెట్టె కట్టడం

విమానంలో పంపితే బరువుకు కాదు, పెట్టె తినే చోటుకు డబ్బు. ఒక ఘనమీటరును దాదాపు 167 కిలోలుగా లెక్కగడతారు. బండిని ఉన్నదున్నట్టు 2.2 మీటర్ల పొడవు, 0.9 వెడల్పు, 1.25 ఎత్తు పెట్టెలో పెడితే 2.475 ఘనమీటర్లు, అంటే 412 కిలోలకు పైగా కట్టాలి. బండి 200 కిలోలే ఉన్నా సరే. ముందు చక్రం విప్పి, ఫోర్కును చెక్కకు బిగించి, అద్దాలు, విండ్‌షీల్డు తీసి, హ్యాండిల్ వదులు చేసి కిందికి తిప్పితే 1.9, 0.8, 1.1 మీటర్లకు దింపవచ్చు. అప్పుడు 279 కిలోలు. ఒక పూట పనికి 130 కిలోల ఛార్జీ మిగులుతుంది.

పెట్రోలు తీసేయాలి, బ్యాటరీ కనెక్షన్లు విప్పి చివరలకు టేపు చుట్టాలి. బండి ప్రమాదకర సరుకు కిందికి వస్తుంది, కాగితాల మీద యూఎన్ 3166 అని రాస్తారు. పెట్టెకు పచ్చి చెక్క వాడితే అవతలి రేవులో ఆపేస్తారు. చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి ఐఎస్‌పీఎం 15 (చెక్క ప్యాకింగుకు అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర వేసినదే వాడాలి. ప్లైవుడ్‌కు ఆ బాధ లేదు.

ఓడలో కిరాయి తక్కువ కనిపిస్తుంది కానీ, అసలు దెబ్బ అవతలి రేవు ఛార్జీల్లో ఉంటుంది. కంటెయినర్ విప్పే ఖర్చు, గోదాము అద్దె, ఏజెంటు రుసుము అన్నీ కలిపి రాతపూర్వకంగా అడగండి. రెండు మూడు వారాలు ఆలస్యం కావడం మామూలే, మీ విమానం టికెట్ దాన్ని బట్టి తీసుకోండి. ఇందాక చెప్పిన ఐఎంటీ 1 సముద్రం మీద పనిచేయదు కాబట్టి మెరైన్ కార్గో ఇన్సూరెన్సు వేరే తీసుకోవాలి. పెట్టె మూసే ముందు బండి నాలుగు వైపులా, ట్యాంకు, సైలెన్సరు దగ్గరగా ఫోటోలు తీయండి. సొట్ట ఎప్పుడు పడిందో తేల్చేవి అవే.

తిరిగొచ్చాక మన రేవులో కస్టమ్స్ ముద్ర వేయించుకుని కార్నే పుస్తకాన్ని అసోసియేషన్‌కు తిరిగి ఇవ్వాలి. వాళ్లు పేజీ పేజీ చూసి, ప్రతి దేశానికీ రెండు ముద్రలూ ఉన్నాయని తేలాకే బ్యాంకుకు గ్యారంటీ విడుదల చేయమని రాస్తారు. పుస్తకం ఇచ్చే ముందు ప్రతి పేజీ స్కాన్ తీసి పెట్టుకోండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. గ్యారంటీ విడుదలైనట్టు బ్యాంకు ఉత్తరం చేతికి వచ్చేదాకా ఆ స్కాన్లు తీసేయకండి.